సున్నం కొట్టిన కారు

పోయినేడు నా పెళ్లయిన కొత్తలో జరిగిందిది. మా ఆయన పిడుగురాళ్లలో నల్ల అంబాసిడర్ కారు బాడుగకు తిప్పుతారు. ఆ రోజు మొదటిసారి పెళ్లి బేరం వచ్చిందని పొద్దున్నే ఇద్దరం కలిసి కారు కడిగాం.

"తడి మీదే గుడ్డతో తుడిచెయ్, ఆరనీయమాక" అని చెప్పి ఆయన స్నానానికి వెళ్లారు. మాది బెల్లంకొండ దగ్గర పల్లెటూరు. అక్కడ ఏది కడిగినా ఎండలోనే ఆరబెడతాం. ఇంత ఎండుండగా గుడ్డెందుకులే అనుకుని పక్కింటి అక్కతో కబుర్లలో పడ్డాను.

తిరిగొచ్చి చూస్తే ఏముంది! ఊరి చుట్టూ ఉన్న సున్నపు బట్టీల దుమ్మంతా తడి కారు మీద పడి, తెల్లగా గట్టిపడిపోయింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికొచ్చేసరికే పెళ్లికూతురి తండ్రి వచ్చాడు.

"ఏందయ్యా, కారుకి సున్నం కొట్టించావా? చానా బాగుంది! ఇంకో బండి చూసుకుంటాంలే."

వీధిలో అందరూ నవ్వారు. నేను తలుపు వెనక్కి వెళ్లిపోయాను.

"తుడవడం నేనే మర్చిపోయా బాబాయ్, రవ్వంత సేపాగు" అని మా ఆయన బతిమాలి, ఇస్త్రీ చొక్కాతోనే కారంతా తుడిచారు. చొక్కాకంటిన ఆ సున్నపు మరకలతోనే పెళ్లికి వెళ్లారు.

తిరిగొచ్చాక నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ చొక్కా ఉతికినప్పుడల్లా ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.