చిచ్చుబుడ్డి కారు, నా సగం మీసం

ముందుగా సింహాద్రి అప్పన్న మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక్కడ రాస్తున్న దాంట్లో ప్రతి అక్షరమూ నిజం. ఒక్క ముక్క అబద్ధమైనా వచ్చే జన్మలో మూడు చక్రాల ఆటోగా పుట్టి, నాలాంటి వాడి చేతే ఫిట్‌నెస్ చేయించుకుంటాను. ఇంతకంటే పెద్ద శిక్ష మా శాఖలో లేదు.

నాలుగేళ్ళ కిందట, దసరా వెళ్ళిన వారంలో, నేను స్టీల్‌ప్లాంటు వైపు సహాయ మోటారు వాహన తనిఖీ అధికారిగా పనిచేస్తున్నాను. ఆ పేరు మా ఆవిడకే సరిగా నోరు తిరగదు. జనం మమ్మల్ని బ్రేకిన్‌స్పెక్టర్లంటారు. నాది చిన్న బ్రేకిన్‌స్పెక్టరు ఉద్యోగం. నా పైన పెద్ద బ్రేకిన్‌స్పెక్టరు గారుండేవారు. గోదావరి జిల్లా మనిషి, తిండి దగ్గర నియమం గలవారు. ఆయనకీ నాకూ తేడా భుజం మీద ఒక చుక్క, మధ్యాహ్నం ఒక కునుకు. యాభై మూడో ఏట నేను స్వచ్ఛందంగా విరమించుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే నడుం నొప్పి అంటాను.

ఆ వారం మాకొక వీడియో వచ్చింది. కూర్మన్నపాలెం జంక్షన్లో ఒక ఎర్ర కారు సిగ్నల్ దగ్గర ఆగి, వెనక గొట్టంలోంచి మూరెడు మంట కక్కింది. పక్కనున్న స్కూటరాయన హెల్మెట్‌తో సహా ఫుట్‌పాత్ ఎక్కేశాడు. కారు యజమాని గోపాలపట్నం పైడిరాజు. పోర్టులో క్రేన్ నడుపుతాడు. పాత కారొకటి కొని, ఏడాదంతా దాని కింద పడుకుని, దానికి చిచ్చుబుడ్డి అని పేరు పెట్టుకున్నాడు.

కారు మంట ఎలా కక్కుతుందో తెలియని వారికి చెబుతాను. పెట్రోలు ఇంజన్లో కాలాలి. ఇతడు కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ గొట్టంలోకి పోయే ఏర్పాటు చేశాడు. గొట్టం లోపల ఒక స్పార్క్ ప్లగ్, దానికి స్టీరింగ్ పక్కన ఒక స్విచ్. నొక్కితే లోపల రవ్వ పడుతుంది, ఇంజన్లో జరగాల్సిన దహనకాండ రోడ్డు మీద జరుగుతుంది. మంట పొడుగ్గా రావాలని గొట్టం చివర సన్నగా కూడా చేయించాడు.

కారు పట్టుకొచ్చి మా ఆవరణలో పెట్టాం. అయితే వీడియో చూసి కేసు రాయడానికి మా పెద్దాయన ఒప్పుకోలేదు. తనిఖీ అధికారి మంటను కళ్ళారా చూసి ధ్రువీకరించాలన్నారు. చూస్తే మంటల కేసు పడుతుంది, రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, కారు కదలదు. చూడకపోతే సైలెన్సర్ మార్పించి, దాని వరకే జరిమానా రాసి వదిలెయ్యాలి.

పైడిరాజుకి ఈ తేడా ప్రాణం మీదకొచ్చింది. ఆదివారం అతడి పెళ్ళి. తగరపువలసలో పెళ్ళివారి వీధిలోకి చిచ్చుబుడ్డి మీద ఊరేగి వస్తానని మాటిచ్చేశాడు. రాలేకపోతే మిగిలింది వాళ్ళ మేనమామ చేపల ఆటో. పెళ్ళికూతురి అన్న ఎర్రినాయుడు అప్పటికే ఫోన్ చేసి, "ఏటి బావా, కారొత్తాదా, కవ్వళ్ళొత్తాయా?" అని అడిగాడట. కవ్వళ్ళు అక్కడి జనం ఇష్టంగా తినే చేపలు.

బుధవారం నాలుగింటికి తనిఖీ పెట్టాం. పైడిరాజు వాళ్ళమ్మ సన్యాసమ్మ కూడా వచ్చింది. దసరా పూజ సరిగా సెయ్యకే కారుకి దిష్టి తగిలిందంటూ చుట్టూ తిరిగి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. ఆమె సంచీలో ఐదో కాయ కూడా ఉండిందన్న సంగతి మాకు తరవాత తెలిసింది.

"బాబూ, ఇది నిప్పులెక్కడ కక్కతాదండి? దీపాలికి కాకరపువ్వొత్తి కూడా ముట్టించలేదిది," అంది నాతో.

పైడిరాజు తల్లి మాటకి తలూపుతూనే ఉన్నాడు గానీ, ఆ తలూపడంలో కొంచెం బాధ కనిపించింది నాకు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్న విద్య ఒకటే. బండి లోపం బండిలో వెతక్కూడదు, యజమాని మొహంలో వెతకాలి. స్టార్ట్ చెయ్యమన్నాను. ఇంజన్ రెండుసార్లు గురకపెట్టి ఆగిపోయింది.

"ఇదా చిచ్చుబుడ్డి? బీడీ కూడా ముట్టదు కదయ్యా దీంతో. ఆ వీడియో ఎవడో కంప్యూటర్లో చేసుంటాడు," అన్నాను.

"సార్, కేసు రాయండి. మాట మాత్రం అనకండి," అన్నాడు.

"ఒరే, ఊరుకో! ఆరు నిన్ను రెచ్చగొడతన్నారు," అని అరిచింది తల్లి.

"నీకు చేతకాదని ఎర్రినాయుడికి ఫోన్ చేసి చెప్పమంటావా?" అన్నాను.

అంతే. పైడిరాజు మళ్ళీ స్టార్ట్ చేసి, స్విచ్ నొక్కి, ఆక్సిలేటర్ మీద నిలబడ్డాడు. నేను గొట్టం పక్కన వంగున్నాను. మా గేటు దగ్గర మిరపకాయ బజ్జీల బండి, దాని ముందు కుర్చీలో పెద్దాయన, ఆయన చేతిలో గ్లాసుతో మజ్జిగ.

ఢామ్మని పేలింది. నా కుడి చెవి పక్కనించి ఏదో రయ్యిమని పోయింది. దాని వెనకే సెగ. చెట్టు మీది కాకులు నేరుగా స్టీల్‌ప్లాంటు ప్రహరీ దాటి వెళ్ళిపోయాయి. బజ్జీల బండి మీద ఎప్పుడో గాలికి ఆరిపోయిన స్టవ్ దానంతటదే వెలిగింది. బండావిడ దణ్ణం పెట్టింది.

"ఓలమ్మో, నా నిమ్మకాయ!" అని సన్యాసమ్మ గుండెలు బాదుకుంది. కక్కే నోరు మూసేస్తే కక్కదని, ఐదో కాయని ఆమె గొట్టంలో కుక్కేసింది. ఆ నిమ్మకాయ గాల్లో వెళ్ళి పెద్దాయన మజ్జిగలో పడింది. ఆయన ఒక గుక్క తాగి, "ఉప్పు సరిపోయిందండీ, ఇప్పుడు పులుపూ సరిపోయింది," అన్నారు.

తరవాత నన్నడిగారు. "ఏవయ్యా, మంట చూసేవా?"

ఇక్కడే చిక్కొచ్చింది. శబ్దం రాగానే నేను కళ్ళు మూసుకున్నాను. పైడిరాజు ముందుకు చూస్తున్నాడు. పెద్దాయన గ్లాసులోకి చూస్తున్నారు. మళ్ళీ చెయ్యమందామంటే నిమ్మకాయతో పాటు స్పార్క్ ప్లగ్ కూడా ఊడిపోయింది. మంట వచ్చిందనడానికి మిగిలిన ఆధారమల్లా నా మీసం. కుడివైపు సగం లేదు.

"మీసం పోవడం చూడ్డం కాదు కదండీ," అన్నారు పెద్దాయన. కళ్ళారా చూడలేదు కనక మంటల కేసు లేదు. సైలెన్సర్‌కి జరిమానా రాశాం. ఆ గొట్టం, స్విచ్, తీగలన్నీ మా ఎదురుగా పీకించి, కంపెనీ సైలెన్సర్ బిగిస్తే శనివారం కారు వదిలేస్తామన్నాం.

కారు దక్కింది గాని పైడిరాజు మొహం వెలగలేదు. నిప్పు లేని చిచ్చుబుడ్డితో వెళ్తే ఎర్రినాయుడు జీవితాంతం వదలడు. అప్పుడు సన్యాసమ్మ నా దగ్గరకొచ్చి, నా మొహం కేసి పరీక్షగా చూసింది.

"బాబూ, ఆదివారం దాకా ఆ రెండో సగం గొరిగించీకండి. పెళ్ళికి రండి," అంది.

వాడిని రెచ్చగొట్టింది నేనే కదా. ఒప్పుకున్నాను. ఆ నాలుగు రోజులూ మొహానికి రుమాలు కట్టుకుని తిరిగాను. ఇంట్లో మా ఆవిడ, అన్నం వడ్డించేటప్పుడు మీసమున్న వైపే కూర్చుంది.

ఆదివారం సాయంత్రం చిచ్చుబుడ్డి తగరపువలసలో పెళ్ళివారి వీధిలోకి మెత్తగా, పిల్లిలా వచ్చింది. ఎర్రినాయుడు కారు వెనక్కి వెళ్ళి గొట్టంలోకి తొంగిచూశాడు.

"ఏటి బావా, నిప్పులు కక్కతాదన్నావు, దగ్గయినా రావట్లేదేటి?"

పైడిరాజు ముందు తలుపు తెరిచాడు. నేను దిగాను.

"ఈ సారెవులో తెలుసేటి? బ్రేకిన్‌స్పెక్టరు. ఈ కారు సంగతేటో ఆర్నే అడుగు."

నేను రుమాలు తీశాను. క్లారినెట్ ఊదుతున్నాయన మధ్యలో ఆపేశాడు. ఎర్రినాయుడు దగ్గరికొచ్చి నా మూతిని ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూశాడు. వాసన కూడా చూశాడు. తరవాత రెండు చేతులూ జోడించి, "బావా, ఒప్పీసుకున్నాను," అన్నాడు. పందిట్లోంచి పెళ్ళికూతురి గొంతు వినిపించింది: "రెండో పక్క కూడా కాల్సీండి, పాపం సారికి సమంగుంతాది!" ఆ పని కారుకి వదలకుండా, పెళ్ళికొడుక్కి గడ్డం గీసిన ఆయన చేతే అక్కడికక్కడ చేయించుకున్నాను.

ఈ తనిఖీ నాకు నేర్పింది రెండు ముక్కలు. సైలెన్సర్ పరీక్షించేటప్పుడు గొట్టానికి దూరంగా నిలబడాలి. కళ్ళారా చూడాల్సిన ఉద్యోగంలో కళ్ళు తెరిచి ఉంచాలి.

ఇక ప్రమాణం మాట. వచ్చే జన్మలో ఆటోగా పుట్టడం నాకిష్టం లేదు కనక ఒక్క చోట మాత్రం కల్పించానని ఒప్పుకుంటున్నాను. కాకులు నిజం. స్టవ్ నిజం. మీసం నిజం, తగరపువలసలో ఎవరినైనా అడగండి. కానీ నిమ్మకాయ మజ్జిగలో పడలేదు. అది పడింది బజ్జీల పిండిలో. బండావిడ చూసుకోకుండా దాన్ని మిరపకాయలతో పాటు నూనెలో వేసేసింది. పెద్దాయన కొరికి, కాసేపు కళ్ళు మూసుకుని, "కొత్త రకం కాయలా ఉందండీ, ఇంకోటి వెయ్యండి," అన్నారు. అలా రాస్తే మీరు నమ్మరని మజ్జిగ అని రాశాను.