తలకిందులైన ఆకాశం

మాది ఆళ్లగడ్డ. నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. నేను నంద్యాలలో వాతావరణం మీద పరిశోధన చేస్తున్నాను. పోయిన ఎండాకాలం రైతుల సమావేశంలో మొదటిసారి మాట్లాడమన్నారు. నాయన కొత్త పంచె కట్టుకుని వచ్చి ముందు వరుసలోనే కూర్చున్నాడు.

ఆకాశంలోకి వదిలిన బెలూన్ పంపిన లెక్కలతో, ఏ ఎత్తులో ఎంత వేడి ఉందో గీసిన గ్రాఫును తెర మీద వేసి, "ఇది నిన్న మధ్యాహ్నం మన నంద్యాల మీది ఆకాశం" అన్నాను గర్వంగా.

ఒక పెద్దాయన లేచాడు. "ఏందమ్మా, నేల కాడ మైనస్ యాభై డిగ్రీలు చూపిస్తాండావ్? ఈడ మేము ఉడికిపోతాండామే!"

హాలంతా గొల్లుమంది. నేను తెర వైపు తిరిగి చూశాను.

తప్పు వెంటనే తెలిసిపోయింది. మేము ఎత్తును గాలి పీడనంతో రాస్తాం. ఆ అంకె నేల దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. అందుకే అంకె పెరిగితే కిందికి దిగినట్టని ఫైలు మొదట్లో ఒక వరుస రాయాలి. అదే మరిచిపోయాను. కంప్యూటర్ పెద్ద అంకెను పైన పెట్టి ఆకాశాన్ని బోర్లించింది.

బయటికొచ్చాక జరిగింది చెబితే నాయన అడిగాడు. "తల యాడొస్తాదో గుర్తు పెట్టకుండా మేము రాయి మీద ఉలి పెట్టం. మీ సదువులో ఆ పద్ధతి లేదా?"

"ఉంది నాయనా. నేనే పెట్టలేదు."

చొక్కా జేబులోంచి, రాయి మీద గుర్తులు పెట్టే ఎర్ర సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంద. ఆకాశానికి పెట్టుకో పో."

అది ఇప్పటికీ నా కంప్యూటర్ పక్కనే ఉంది. దాన్ని చూడకుండా ఒక్క ఫైలు కూడా ఎవరికీ పంపను.