మొదటి పిలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువునూ చెప్పిన ధరకి కొన్న పాపాన ఎవరూ పోలేదు. టెక్కలిలో మాది తాతల నాటి గాజుల కొట్టు. నేను మాటలకన్నా ముందు బేరం నేర్చానని మావాళ్లు ఎగతాళి చేసేవారు. ఆ కొట్టు మూతపడి, నాన్న జంషెడ్‌పూర్ వచ్చి బిష్టుపూర్ బజారులో దుకాణం తెరిచాక, నేను ఏకంగా ఊరికే వంకలు పెట్టడం మొదలుపెట్టాను. నీళ్లు ఇనుము రుచి. ఆరేసిన గౌనుమీద మసి. వీధి పిల్లలు నన్ను మద్రాసీ అనేవారు. అన్నిటికన్నా ఘోరం ఆ ఊరి ఉక్కు కర్మాగారం కూత. భూమిలోపల ఎవరో నిద్రలో మూలిగినట్టు లేచి, మా కిటికీ చువ్వలని తాకి, చాలాసేపు వాటిలోనే ఉండిపోయేది.

నేను అన్నం మానేసి ఏడుస్తుంటే అమ్మ విసిగిపోయింది. మమ్మల్ని దిగబెట్టడానికి వచ్చిన మావయ్య ఆదివారం బండికి తిరిగి వెళ్తున్నాడు, నన్నూ తీసుకుపొమ్మంటానంది. టెక్కలిలోనే అత్తయ్య దగ్గర ఉండి చదువుకోవచ్చట. నాకు కావలసిందీ అదే. అక్కడ అమ్మ ఉండదన్న సంగతి మాత్రం బేరంలో కలుపుకోలేదు.

శనివారం సాయంత్రం మా నాయనమ్మ నన్ను సువర్ణరేఖ నది ఒడ్డుకి నడిపించుకుపోయింది. అవతలి ఒడ్డున మాంగో పేటవైపు దీపాలింకా వెలగలేదు.

"ఏటే, వచ్చిన కాడ్నుంచి ఊరి ఎనకాల వంకలెడతన్నావు. దాని మొకం మీదే సెప్పు. కుదరకపోతే రేపు బండెక్కీయ్," అంది. ఆవిడ నవ్వడం లేదు.

సిగ్గుపడుతూనే నదికేసి చూసి మొదలుపెట్టాను. నీళ్లు బాగోలేవన్నాను. మసి అన్నాను. నీ కూతంటే నాకు భయం అనగానే కూత మోగింది. అయినా బేరగాళ్ల వంశం కదా, ఆపలేదు. నీ ఆకాశంలో చుక్కలైనా కనబడవన్నాను.

చప్పుడు లేకుండా ఆకాశం ఎర్రబడింది. నది ఎర్రబడింది, రాళ్లు ఎర్రబడ్డాయి, నాయనమ్మ తెల్లజుట్టు ఎర్రబడింది. పొద్దుగూకాక మాకు నీడలు మొలిచాయి. మేం కదలకుండానే అవి ఇసుకమీద కదిలాయి. కర్మాగారంలో ఇనుము కరిగించాక మిగిలిన కాగే మడ్డిని పారబోస్తారనీ, ఆ వెలుగు దానిదనీ తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం ఊరు నావైపు కళ్లు తెరిచిందనుకున్నాను. భయంతోపాటు ఇంకేదో కూడా కలిగింది. టెక్కలిలో నా మాటకి ఎవరూ ఇంత శ్రద్ధగా జవాబివ్వలేదు.

"ధర సెప్పీసింది," అంది నాయనమ్మ. "ఇంక నడు. ఎనక్కి సూడకు. పిలుత్తాది. మొదటి పిలుపుకి తిరిగేవంటే మోసపోతావు."

అది మా కొట్టు పాఠమే. వద్దని నడిచిపోవాలి, రెండోసారి పిలిచేదాకా తిరగకూడదు. మా వైపు ఇంకో పట్టింపు కూడా ఉండేది. మునిమాపువేళ వెనకనుంచి ఎవరైనా ఒక్కసారే పిలిస్తే పలకకూడదు. మనుషులైతే మళ్లీ పిలుస్తారు. ఈ రెండూ నాకు బాగా తెలుసు. ఇసుకలో నడుస్తున్నాం, వెనకాల వెలుగు చల్లారుతోంది, పిలవదేమోనని నాకు దిగులు పట్టుకుంది. వెళ్లిపోతానని అన్నం మానేసినదాన్ని, చెవులు రెండూ వెనకే వదిలి నడుస్తున్నాను.

పిలిచింది. ఇంట్లో నన్ను పిలిచే ముద్దుపేరుతో, నీళ్లవైపునుంచి, మెల్లగా, ఒక్కసారే.

గిరుక్కున తిరిగాను. ఒడ్డున ఎవరూ లేరు. నాయనమ్మ నాకన్నా ముందు నడుస్తోంది. నువ్వేనా పిలిచిందని అడిగితే ఆగి నా మొహంలోకి చూసింది.

"నాకేటీ ఇనబడలేదు. మొదటి దానికే తిరిగీసేవా? అయితే అడిగినంతా ఇచ్చీసినట్టే. సరుకు నచ్చింది నీకు."

అని నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆదివారం మావయ్య ఒక్కడే బండెక్కాడు.

తరవాత్తరవాత బిష్టుపూర్‌లో నన్ను చూసి దుకాణదారులు టీకి లేచిపోయేవారు, అంత పేరు నా బేరానికి. ఆ ఊరిని మాత్రం పైసా తగ్గించకుండా కొనుక్కున్నాను. ఇప్పుడీ వయసులో చెల్లెలి బట్టల కొట్టుకి సాయంగా మస్కట్ వచ్చాను. ఎండ, ఉప్పుగాలి, చెట్టన్నది లేని కొండలు. వంకలు పెడుతూనే ఉన్నాను. పొద్దుగూకేవేళ సముద్రం ఒడ్డుకి వెళ్లి, దాని మొహం మీదే చెబుతాను. చెప్పి, వీపు తిప్పి ఇంటికి బయలుదేరతాను. నెమ్మదిగానే నడుస్తాను, పిలిస్తే వినబడాలి కదా.