నాలుగింటి బస్సు

ఆకలేస్తే నేను మనిషిని కాను. ఈ మాట మా ఇంట్లోవాళ్లే కాదు, రియాద్‌లో నేను పనిచేసే క్లినిక్ ల్యాబ్‌లో ఎవరినడిగినా చెబుతారు. అలాంటిదాన్ని ఏటా ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఉపవాసం ఉంటాను. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టను. సాయంత్రం ప్రార్థన చేసుకున్నాకే అన్నం. ఇందులో నా గొప్పేమీ లేదు, ఓపికంతా ప్రభువుదే. ఆ నలభై రోజుల నా గొణుగుడు వినాల్సింది ఆయనే కదా!

ఈమధ్య ఒక ఏడు మా శ్రమకాలమూ రంజాన్ నెలా ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. రంజాన్‌లో మా క్లినిక్‌లో ముస్లింలకు ఆరు గంటలే డ్యూటీ. పదింటికి వచ్చి, నాలుగింటికి కంపెనీ బస్సెక్కి పోతారు. మిగతావాళ్లం ఆరింటిదాకా ఉండాలి. ఎన్నో ఏళ్లుగా ఆ నాలుగింటి బస్సును ల్యాబ్ కిటికీలోంచి చూసి కుళ్లుకునేదాన్ని.

రిసెప్షన్‌లో కూర్చునే ముస్లిం ఆవిడది కర్నూలు, అక్క అన్నట్టుగా అందరం ఆపా అంటాం. మధ్యాహ్నం మా లోపలి గదిలో నేను టిఫిన్ డబ్బా తెరవడం లేదని మొదట కనిపెట్టింది ఆవిడే.

"ఏమ్మే, తినవేం? కడుపు బాగలేదా?"

"మాకూ నలభై రోజులు ఉపవాసాలు ఆపా."

"అట్లనా! మరి చెప్పవేం? ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ఎండుకొని చస్తాంటి!" అని ఆవిడ సంబరపడిపోయింది. ఆ సంబరం అక్కడితో ఆగితే బాగుండేది. అప్పుడే అటుగా వచ్చిన మేనేజరమ్మతో కూడా పంచుకుంది. ఆమె కొత్తగా వచ్చిన సౌదీ అమ్మాయి, నాకంటే చాలా చిన్నది. నా వైపు చూసి "సాయిమా?" అని అడిగింది, ఉపవాసమా అని. నేను నోరు తెరిచేలోపే ఆపా "సాయిమా, సాయిమా" అని రెండుసార్లు తలూపింది. మేనేజరమ్మ "మాషా అల్లా" అని మెచ్చుకుని, నాలుగింటికి బస్సులో వెళ్లిపొమ్మంది.

ఆమె అటు వెళ్లగానే ఆపా చెయ్యి పట్టుకున్నాను. "ఏంటాపా ఇది? ఆవిడ నన్ను ముస్లిం అనుకుంటోంది!"

"నోరు మూసుకొని పోమ్మే. నేనేమన్నా అబద్ధం చెప్తినా? ఉపవాసం ఉండాదంటి. ఉండావు కదా?"

ఉన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. బస్సెక్కాను.

ఆ రోజు నుంచి రోజూ ఆ బస్సులో గదికెళ్లి పడుకునేదాన్ని. ఆ నిద్ర సంగతి చెప్పాలి. ఉపవాసం ఉన్న ఒంటికి, ఏసీ గదిలో, సాయంత్రం నాలుగున్నరకు పట్టే నిద్ర అంత కమ్మగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. దుప్పటి ముసుగేసుకుంటే ఇక లోకం ఉండేది కాదు. లేచి, మొహం కడుక్కుని ప్రార్థనకు కూర్చుంటే మాత్రం నా నోటి వెంట స్తోత్రాల బదులు సంజాయిషీలే వచ్చేవి. "ప్రభువా, నేను అబద్ధమాడలేదు. ఆపా కూడా ఆడలేదు. వాళ్లే అలా అనుకున్నారు. నువ్వూ చూస్తూనే ఉన్నావుగా." ఆయన ఏమీ అనేవాడు కాదు. ఆయన అలా మాట్లాడకుండా ఉంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

దానికితోడు మర్యాదలు మొదలయ్యాయి. మేనేజరమ్మ ఖర్జూరాల పొట్లాలిచ్చేది. పనిమంతురాలినని నలుగురిలో చెప్పేది. నా కాంట్రాక్టు మళ్లీ రాసే సమయం దగ్గరపడింది, రాయాల్సింది ఆమే. ఇప్పుడు నోరు విప్పితే నిద్రా పోతుంది, పేరూ పోతుంది, ఉద్యోగం సంగతి దేవుడెరుగు. ల్యాబ్‌లో నాతోపాటు పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి నాలుగు దాటాక నా శాంపిళ్లు కూడా తనే చూసుకునేది. ఆమె కూడా క్రైస్తవురాలే. నేను సంచీ తగిలించుకుంటుంటే "హాయిగా పడుకో సిస్టర్" అనేది. తిట్టినా బాగుండేది.

శుక్రవారం సెలవు. తెలుగువాళ్లం పదిమందిమి ఒక అక్కయ్య ఫ్లాట్‌లో చేరి ఆరాధన చేసుకుంటాం. ఇక్కడ చర్చిలకు అనుమతి లేదు, అందుకే కిటికీలు వేసి, చెప్పులన్నీ లోపలే పెట్టుకుని, గొంతు పెంచకుండా పాడుకుంటాం. చప్పట్లు కూడా రెండు వేళ్లతోనే. పాటలయ్యాక సాక్ష్యాలు. ఆ వారం ప్రభువు చేసిన మేలు ఒక్కొక్కరు లేచి చెప్పాలి. నా వంతు వచ్చింది. లేచాను. అలవాటైన నోరు కదా, ఆగలేదు.

"ఈ ఉపవాస దినాల్లో ప్రభువు నా మీద కృప చూపించి, నాలుగింటికే డ్యూటీ నుంచి పంపించేలా చేశాడు. ఆయన నామానికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారందరూ. ఒకావిడ కళ్లు కూడా ఒత్తుకుంది.

ఇంటి అక్కయ్య ముందుకు జరిగి, "ఎంత మేలమ్మా! మా ఆస్పత్రిలో ఎంత బతిమాలినా పంపట్లేదు. మీకెలా జరిగిందో చెప్పండి, మేమూ ప్రార్థనలో పెట్టుకుంటాం" అంది.

గదిలో అందరూ నా మొహమే చూస్తున్నారు. ఎలా జరిగిందని చెప్పను? నన్ను ముస్లిం అనుకున్నారు, నేను కాదనలేదు అని చెప్పాలి. "అంతా దేవుడి దయ" అని కూర్చున్నాను. చేసిందంతా నేను చేసి, ఆయన్ని సాక్ష్యానికి పిలిచానే అని సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు ప్రసంగంలో ఒక్క మాట కూడా నా చెవికెక్కలేదు.

శనివారం పొద్దున్నే, ధైర్యం చల్లారిపోకముందే, మేనేజరమ్మ గదిలోకి వెళ్లాను. నా అరబిక్ మార్కెట్లో టమాటాలు బేరమాడటానికి సరిపోతుంది గానీ ఇలాంటివాటికి కాదు. సగం అరబిక్, సగం ఇంగ్లీషు కలిపి చెప్పాను. ఉపవాసం నిజమే, కానీ రంజాన్‌ది కాదు. నేను క్రైస్తవురాలిని. ఇది మా యేసు ప్రభువు కోసం ఉండే ఉపవాసం.

ఆమె పెన్ను కింద పెట్టింది. "నిన్నెవరూ అడగలేదు కదా. ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

దీనికి తెలుగులో నా దగ్గర మంచి జవాబుంది. బోలెడు మాటలున్నాయి. అరబిక్‌లో ఒక్కటే దొరికింది.

"దేవుడికి తెలుసు."

ఆమె మళ్లీ పెన్ను చేతిలోకి తీసుకుంది. కోపమో, మరేమిటో నాకు అర్థం కాలేదు. "సరే. ఈ రోజు నుంచి ఆరింటిదాకా" అంది. కాంట్రాక్టు ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇంకా ఇక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను కాబట్టి ఆ సంగతి మీకే తెలిసిపోయి ఉంటుంది.

మధ్యాహ్నానికల్లా సంగతి ఆపా చెవిన పడింది. లోపలి గదికొచ్చి ఎగిరిపడింది. "నా మొగం ఏడ పెట్టుకునేది? ఎవురు చెప్పమనిరి నిన్ను? సుఖంగా పండుకోవడం చేతగాదా నీకు?"

"చేతనవుతుంది ఆపా. తర్వాత ప్రార్థన చేసుకోవడమే చేతకావడం లేదు."

ఆపా రోజుకు ఐదుసార్లు నమాజ్ చేసే మనిషి. ఆ మాట ఆవిడకు ఇంకెవరూ విప్పి చెప్పక్కర్లేదు. "పో, పిచ్చిదానా" అని నా భుజం మీద ఒక్కటి చరిచి వెళ్లిపోయింది.

నాలుగింటికి బస్సు కదిలింది. ఫిలిప్పీన్స్ అమ్మాయిని టీ తాగి రమ్మని పంపి, ఆమె ముందున్న ట్యూబుల్ని నా వైపు జరుపుకున్నాను. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. అలా నిలబడే, పని మధ్యలో, ప్రార్థన చేసుకున్నాను. ఆ బస్సెక్కడం మొదలుపెట్టాక సంజాయిషీ లేకుండా చేసుకున్న మొదటి ప్రార్థన అదే. పెద్దగా మాటలేం లేవు. నిద్రొస్తోంది ప్రభువా, అన్నాను.