బదులేమిచ్చిన్రు?

ఆ వకీలమ్మ పంతం నాకు తెలిసింది ఒక శనివారం, పొద్దున్న పదిన్నరకు. సింగపూర్‌లోని యీషున్‌లో నేను అయిదేళ్ళు వంట చేసిన ఇంటివాళ్ళు ఆ రోజు ఇల్లు మారుతున్నారు. సాఫ్ట్‌వేర్ జోరులో సారు సొంత కంపెనీ పెట్టాడు. వెళ్ళేటప్పుడు పిండి గ్రైండర్ నాకిస్తానన్నాడు. తీరా ఆయన భార్య సుజాతమ్మ దాన్ని లారీ ఎక్కించమంది.

"ఆయనేదో మాటవరసకన్నారు ఆంటీ."

నేను గ్రైండర్‌ను వాటేసుకుని కూర్చున్నాను. గొడవ విని పైఅంతస్తు నుంచి హైదరాబాదీ వకీలమ్మ దిగివచ్చింది. న్యాయం అడిగిన ప్రతివాళ్ళ ముందూ అరచెయ్యి చాపడం ఆమె అలవాటు.

"సారు ఇచ్చిన మాటకు బదులేమిచ్చిన్రు ఆంటీ? బదుల్లేని మాట చెల్లదు."

"అయిదేళ్ళు వండిపెట్టాను!"

"అది మాటకు ముందటి పని. చెల్లదు."

నాకు ఒళ్ళు మండింది. "వుడ్‌ల్యాండ్స్‌లో మంచి పని వస్తే మానుకున్నాను. 'మేం ఇల్లు మారేదాకా ఉంటే గ్రైండర్ నీదే' అని సారే ఆపాడు!"

వకీలమ్మ గుప్పెట మూసింది. "గిదీ బదులు! సార్, ఇప్పుడు కాదనుండ్రి, చూస్త."

సారు లారీ తలుపు మూయమన్నాడు. గ్రైండర్ లారీ ఎక్కలేదు.

నోటిమాటకు విలువేమిటని నవ్వేవాళ్ళు వెళ్ళి సాక్షులను అడగండి. ఆ రోజు అక్కడున్నది సుజాతమ్మ, ఆమె భర్త మోహన్ సారు, లారీ డ్రైవర్ ముత్తు, నేను, పేరు రాయొద్దన్న వకీలమ్మ.