నల్ల మచ్చల ప్రింటవుట్

అది 1986. వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో నేను టెక్నికల్ అసిస్టెంట్‌ని. సెంటర్ అని పేరే గాని కంప్యూటర్ మా దగ్గర లేదు, హైదరాబాద్‌లో ఉండేది. మా గదిలో ఉన్నది టెర్మినల్, అంటే ఒక తెర, ఒక కీబోర్డు. పక్కన మోడెం అనే డబ్బా. ఫోన్ కలిస్తే, మేము కొట్టిన అక్షరాలను ఆ డబ్బా హైదరాబాద్‌కు చేరవేసేది, అక్కడి జవాబు మా తెర మీద పడేది. వాన పడితే లైను పోయేది. వాన పడకపోయినా పోయేది.

లైను రోజుకు ఒక్క గంట. అదంతా ప్రొఫెసర్లకే సరిపోయేది. పెళ్లిలో పెద్దల పంక్తి లేచాక మిగిలిందే మా విస్తట్లోకి వచ్చినట్టు, ఆఖరి కాసేపు నాకు దక్కేది. మా టైపిస్టు ఎస్తేరుకు అదీ లేదు. కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి రోజూ బస్సులో వచ్చే ఆ అమ్మాయిది తాత్కాలిక ఉద్యోగం. మార్చి నెలాఖరులోగా టెర్మినల్ ఆపరేటర్ పరీక్ష పాసైతే పర్మనెంటు, లేకపోతే ఇంటికే. ఆ పరీక్ష పెట్టడానికి హైదరాబాద్ నుంచి ఒక అధికారి వస్తాడు.

"మిషన్ ముట్టకుంట ఎట్ల నేర్చుకోవాలె అన్నా?" అని అడిగింది ఒకనాడు.

గట్టు మీద కూర్చుంటే ఈత రాదని నాకూ తెలుసు. అయినా చూస్తూ ఊరుకోదలచుకోలేదు.

ఆ కంప్యూటర్లో స్క్రిప్ట్ అనే కమాండ్ ఉండేది. అది కొట్టినప్పటి నుంచి ఎగ్జిట్ అని కొట్టేదాకా తెర మీద కనబడిందంతా ఒక ఫైల్లోకి ఎక్కుతుంది. నా పనంతా అలా రికార్డు చేసి, ప్రింటు తీసి ఎస్తేరుకు ఇవ్వడం మొదలుపెట్టాను. తప్పు కొట్టి దిద్దుకున్న చోటల్లా ప్రింటరు అక్షరం మీద అక్షరం కొట్టేది. నా టైపింగ్ అంతంత మాత్రం కాబట్టి పేజీల నిండా నల్ల మచ్చలే. ఎస్తేరు ఆ కాగితాలు ముందు పెట్టుకుని, ఆఫీసు టైపురైటర్ మీదే ఆ కమాండ్లన్నీ సాధన చేసేది.

ఆ కాగితాలు మా హెడ్ సారు కంట పడ్డాయి. అందులోనూ ఒక ప్రత్యేకమైన పేజీ. ఆ రోజు మధ్యలో లైను పోతే, మళ్లీ కలిపి, తొందరలో ఉత్త స్క్రిప్ట్ అని కొట్టాను. అలా కొడితే పాత రికార్డు చెరిగిపోయి కొత్తది మొదలవుతుంది. పాతదాని కిందే అతకాలంటే పక్కన ఒక హైఫన్, ఇంగ్లీషు అక్షరం 'ఏ' చేర్చాలి. పోయిందని తెలిసి ఒళ్లు మండి, 'నీ పాడుగాను' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. అలాంటి కమాండ్ దొరకలేదని కంప్యూటర్ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది. రెండూ ప్రింటులో ఉన్నాయి, పక్కనే నేను మరిచిపోయిన హైఫన్, 'ఏ' కూడా పెన్నుతో రాసి పెట్టాను.

"ఏందయ్యా ఇది? హైదరాబాదోళ్లు చూస్తే మన ఇజ్జత్ ఉంటదా? తప్పులన్ని తీసేసి సాఫ్‌గ కొట్టించు," అన్నారు సారు.

"మీకు సాఫ్‌ది ఒకటి చేసిస్త సార్. ఆ పిల్ల దగ్గర ఉన్నది మాత్రం ముట్టను."

సారు మళ్లీ రెండుసార్లు అడిగారు. నేను దిగిరాలేదు. శుభ్రమైన ప్రతి సారు గాజు బీరువాలోకి వెళ్లింది, మచ్చల ప్రతి ఎస్తేరు దగ్గరే ఉండిపోయింది.

పరీక్ష రోజు వచ్చింది. రికార్డయిన ఫైలే జవాబు పత్రం అన్నాడు అధికారి. నన్ను గుమ్మం దాటి లోపలికి రావద్దన్నాడు. ఎస్తేరు బాగానే చేసుకుపోతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా పని సగంలో ఉండగా తెర బిగుసుకుపోయింది.

"లైన్ పోయిందమ్మా. ఇంక ఇంతే. నేను సాయంత్రం బండికి పోవాలె," అన్నాడాయన.

నెలాఖరులోగా ఆయన మళ్లీ రాడు.

ఎస్తేరు లేవలేదు. "జర ఆగండి సార్. మళ్ల కలుపుత."

ఫోన్ తిప్పింది. కలవలేదు. మళ్లీ తిప్పింది. ఎన్నిసార్లు తిప్పిందో గాని, చివరకు మోడెం దీపం వెలిగింది. గుమ్మం నుంచే నాకు తెర కనబడుతోంది. స్క్రిప్ట్ అని కొట్టి ఒక్క క్షణం ఆగింది. అలాగే రిటర్న్ నొక్కితే అప్పటిదాకా రాసిన పరీక్షంతా చెరిగిపోతుంది. నింపాదిగా హైఫన్ కొట్టింది, 'ఏ' కొట్టింది, తర్వాతే రిటర్న్ నొక్కింది. పాత రికార్డు పదిలం. చెప్పిన పని ముగించి, ఎగ్జిట్ కొట్టి లేచి నిలబడింది.

"ఇది నీకు ఎవరు చెప్పిన్రమ్మా?" అని అడిగాడు అధికారి.

"ఒకపారి మా అన్నకు గిట్లనే పోయింది సార్. అంత కాగితం మీద ఉన్నది."

ఉద్యోగం పర్మనెంటయింది. ఆర్డరు చేతికిచ్చిన రోజు హెడ్ సారు నవ్వుతూ, "ఇగనన్న ఆ తిట్టు తీసేస్తవా?" అన్నారు నాతో. నేను నోరు తెరిచేలోపే ఎస్తేరు అడ్డుపడింది.

"అదొక్కటి ఉండనియ్యండి సార్. లైన్ పోంగనె నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అన్నకు గూడ పోయింది, తిట్టుకున్నడు, మళ్ల పని జేసిండు అని అదే యాదికొచ్చింది. ఆ తిట్టు లేకుంటే నేను కుర్చీలకెల్లి లేచిపోతుంటి."

ఆ తిట్టు అలాగే ఉండిపోయింది. తర్వాత ఎంతమందికి పని నేర్పినా, తుడిచి శుభ్రం చేసిన రికార్డు ఎవరికీ ఇవ్వలేదు. నేర్పేవాడు తన తప్పు దాచుకుంటే, నేర్చుకునేవాడు తన తప్పు దగ్గర ఒంటరివాడైపోతాడు.