ముగ్గురి మాటా విన్న రైఫిల్

ముందే చెప్పేస్తున్నా, ఈ కనుబొమ్మ మీద మూడు కుట్లు పడింది మా ఆవిడ వల్ల కాదు. సోమవారం నుంచి ఆఫీసులో అందరూ నన్ను అదోలా చూస్తున్నారు, అందుకని చెబుతున్నా. మా శారద ఉండేది దేశానికి పడమటి వైపు కాల్గరీలో, నేనుండేది ఇక్కడ తూర్పున కనాటాలో. నన్ను కొట్టాలంటే ఆవిడ విమానం ఎక్కి రావాలి. అంత లీవ్ లేదు పాపం. ఈ దెబ్బ నేను స్వయంగా, ఆరు నెలలు రీసెర్చ్ చేసి, ఒక్కో పార్టూ ఏరి ఏరి కొనుక్కుని మరీ తగిలించుకున్నది!

అసలు ఎక్కడ మొదలైందంటే, శనివారాల దగ్గర.

శారదకి కాల్గరీలో మంచి ఉద్యోగం వచ్చింది. "ఏడాదే కదండీ, ఇట్టే గడిచిపోతుంది" అంది. ఏడాది దాటి రెండు నెలలైంది. పనిరోజులు ఫర్వాలేదు, మీటింగులతో పోతాయి. శనివారం మాత్రం కదలదు. లేచి, కాఫీ తాగి, ఇల్లంతా వాక్యూమ్ చేసి టైమ్ చూస్తే తొమ్మిదిన్నర. శారదకి ఫోన్ చేద్దామంటే అక్కడ ఇంకా ఏడున్నర, పడుకుని ఉంటుంది. శుక్రవారం ఆఫీసులో "హావ్ ఎ గుడ్ వీకెండ్" అన్నాక, మళ్ళీ ఎదురుగా ఉన్న మనిషితో నేను మాట్లాడేది సోమవారం "హౌ వాజ్ యువర్ వీకెండ్" అన్నప్పుడే. ఒక సోమవారం గొంతు పెగల్లేదు. జలుబనుకుని మా మేనేజర్ వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకోమన్నాడు. చూశారా నా అదృష్టం!

అప్పుడు గుర్తొచ్చింది, కాలేజీలో ఎన్‌సీసీలో నేను రైఫిల్ బాగా కాల్చేవాణ్ణి. సేఫ్టీ కోర్సు చేశా, పరీక్ష రాశా, లైసెన్సుకి అప్లై చేశా. ఊరికి నలభై నిమిషాల దూరంలో ఒక షూటింగ్ క్లబ్బుంటే చేరా. నిజం చెప్పొద్దూ, గురి మీద ఇష్టం కన్నా, అక్కడ నలుగురు మనుషులుంటారన్న ఆశే ఎక్కువ.

మనుషులున్నారు. అందరూ చెవులకి ఇంతింత మఫ్‌లు పెట్టుకుని ఉన్నారు! మాట్లాడే తోడు కావాలని వెళ్ళి, చెవులు మూసుకుంటేగానీ లోపలికి రానివ్వని చోట చేరినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటా.

చివరి బెంచీ నాది. క్లబ్బువాళ్ళ పాత రైఫిల్‌తో కాగితం మీద చిల్లులు పెట్టుకుని వచ్చేసేవాణ్ణి. "చలిగా ఉంది కదూ" అంటే "చలిగానే ఉంది" అనేవాళ్ళు. అంతటితో సరి. అలా రెండు నెలలు పోయాయి. ఒకరోజు ఎవరో కుర్రాడు కాదు, డెబ్భై ఏళ్ళ ముసలాయన, తన కొత్త రైఫిల్ తెచ్చాడు. ఫ్యాక్టరీది కాదు, పార్టులు విడివిడిగా ఎంచుకుని చేయించుకున్న కస్టమ్ బిల్డ్. అంతే! పేరంటంలో కొత్త చీర చుట్టూ మూగినట్టు మూగారు జనం. "ఈ బారెల్ ఏది? ఈ స్కోప్ ఏది? ఎక్కడ చేయించావ్?" గంటసేపు ఆయన్ని వదల్లేదు.

ఓహో, ఇదా దారి అనుకున్నా.

మరుసటి వారమే ప్రకటించా. "నేనూ ఒక రైఫిల్ బిల్డ్ చేద్దామనుకుంటున్నా. ఏం పార్టులు కొనమంటారు?" అన్నా, ఎవరినీ ఉద్దేశించకుండా. మూడు జతల మఫ్‌లు ఒకేసారి కిందికి దిగాయి.

మొదట రాన్. లారీ నడిపి రిటైరైన మనిషి, వేటకి కొండలెక్కుతాడు. "బరువు తగ్గించు. స్టాక్, అదే, భుజానికి ఆనించే బాడీ, కార్బన్ ఫైబర్ది తీసుకో. బారెల్ సన్నంది పెట్టించు. ఈకలా ఉండాలి" అన్నాడు. నేను కొండలెక్కను. పార్కింగ్ లాట్ నుంచి బెంచీ దాకా మోస్తే చాలు. అయినా "తప్పకుండా" అన్నా.

తర్వాత డెబ్బీ. స్కూల్ బస్సు నడిపేది, గొంతు కూడా ఆ బస్సు హారన్‌లాగే ఉంటుంది. "జీవితంలో ఒకటే బిల్డ్ చేస్తావ్. చిన్న తూటా ఎందుకు? మూస్‌ని పడగొట్టేది తీసుకో" అంది. మూస్ అంటే గుర్రమంత ఉండే దుప్పి. నేను కోడిగుడ్డు కూడా తినను. నాకూ మూస్‌కీ ఏ గొడవా లేదు. అయినా "ఎగ్జాక్ట్‌లీ" అన్నా.

మార్సెల్ మూడోవాడు. నది అవతల గటినోలో ఉంటాడు, కళ్ళద్దాల షాపు. "అంతా స్కోప్‌లోనే ఉంది మిత్రమా. అద్దం ఎంత పెద్దదైతే అంత వెలుగు" అని, తను కొన్న స్కోప్, అదే, రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి, దాని ఫొటో చూపించాడు. పాల క్యాన్ మూతంత ఉంది ముందు అద్దం. "అదే కొంటా" అన్నా.

మీరు అడగొచ్చు, నీకు బుర్ర లేదా అని. ఉంది, ఇంజనీర్ని. కానీ విస్తట్లో వద్దంటే వడ్డించేవాళ్ళు నొచ్చుకుంటారని గొంతు దాకా వచ్చినా తినే రకం నేను. రాన్ మాట విని డెబ్బీ మాట వినకపోతే, డెబ్బీ మళ్ళీ మఫ్‌లు పెట్టేసుకుంటుందేమో! ముగ్గుర్లో ఎవర్నీ పోగొట్టుకునే ధైర్యం లేదు నాకు.

శారద ఫోన్‌లో విని, "ముగ్గురు మూడు చెబితే మూడూ కొన్నారా?" అంది.

"ముగ్గురికీ అనుభవం ఉంది శారదా."

"అందుకేగా! ఉప్మాలో పులుసూ పాయసమూ పోస్తారా ఎక్కడైనా? ఒక్కసారి, ఒక్కరికి, వద్దని చెప్పండి."

"వచ్చే వారం చెప్తా" అన్నా. చెప్పలేదు.

రైఫిల్ అమర్చిన షాపాయన కూడా లిస్టు రెండుసార్లు చదివి, "ఈ మూడూ ఒకే రైఫిల్‌కేనా?" అన్నాడు. "అవునండీ." "బాగా తేలికైన రైఫిల్‌లో బాగా పెద్ద తూటా. గట్టిగా తంతుంది మరి." "ఫర్వాలేదండీ." ఆయన భుజాలెగరేశాడు. ఆ మాట నేను విన్నా. విని, ఆయనకీ ఎదురు చెప్పడమెందుకని తలూపా!

ఇంకో చిక్కు. అంత లావు స్కోప్ బారెల్‌కి తగలకుండా ఉండాలంటే ఎత్తు క్లాంపులు పెట్టాలి. పెట్టాక ఇంట్లో ఆనించి చూస్తే, చెంప స్టాక్ మీద ఉంటే కన్ను స్కోప్‌కి అందదు. కన్ను అందితే చెంప గాల్లో. సరేనని అల్మారా వెతికితే శారద చున్నీ ఒకటి దొరికింది. మడతలు పెట్టి స్టాక్‌కి చుట్టి, పైన టేపు వేశా. చెంప మెత్తగా ఆనింది. దానికింకా శారద వాడే పౌడర్ వాసన వస్తోంది. కాసేపు అలాగే ఆనుకుని కూర్చున్నా. ఎవరైనా చూసుంటే గురి ప్రాక్టీస్ చేస్తున్నాననుకునేవాళ్ళు.

అప్పటికీ స్కోప్‌లో బొమ్మ పూర్తిగా కనబడ్డంలేదు. చుట్టూ నల్లగా ఉంది. మన తెలివి ఊరుకుంటుందా? స్కోప్‌ని వెనక్కి, కంటి దగ్గరికి జరిపేశా. ఆహా, బొమ్మ ఎంత స్పష్టంగా కనబడిందో! షాపాయన కొలిచి పెట్టింది నేను జరిపానని ఎవరికీ చెప్పలేదు.

ఇక మొన్న శనివారం. ముగ్గురికీ ముందే చెప్పా, పది గంటలకి మొదటి రౌండ్ అని. ఫ్లాస్కులో అల్లం టీ, డబ్బాలో జంతికలు. కారులో వెళ్తూ ఏం మాట్లాడాలో రిహార్సల్ కూడా వేసుకున్నా. కేస్ తెరవగానే మూగారు. రాన్ ఒంటి చేత్తో ఎత్తి "ఈకే!" అన్నాడు. మార్సెల్ స్కోప్‌లోంచి చూసి ముద్దు పెట్టినంత పని చేశాడు. డెబ్బీ తూటా చేతిలో తిప్పి, "మూస్ సంగతి అయిపోయింది" అంది. తర్వాత చున్నీ చూసి, "ఈ పసుపుపచ్చ యాక్సెసరీ ఎక్కడ కొన్నావ్? బాగుందే!" అంది. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

కూర్చున్నా. చెంప ఆనించా. ఊపిరి బిగించా. ముగ్గురూ నా వెనకే ఉన్నారు. నొక్కా.

ఢామ్!

టార్గెట్‌కేమైందో నాకు తెలీదు. ఆ రైఫిల్ వెనక్కి తన్నిన తన్నుకి స్కోప్ అంచు వచ్చి సరిగ్గా నా కనుబొమ్మ మీద దిగింది. ఒక్క క్షణం ఎవరో తలుపు వేసినట్టయింది. తర్వాత వెచ్చగా ఏదో కారింది.

"సీజ్ ఫైర్!" అని అరిచాడు రేంజ్ ఆఫీసర్. పన్నెండు బెంచీల్లో కాల్పులు ఆగిపోయాయి. అందరూ మఫ్‌లు తీసేశారు. నా కోసం! డెబ్బీ గాజుగుడ్డతో అదిమి పట్టుకుంది. రాన్ రైఫిల్ ఖాళీ చేసి, తాళం వేసి, భద్రంగా తన బండిలో పెట్టాడు. ఎవరో నీళ్ళిచ్చారు. ఎవరో నా పేరడిగారు. నెలల తరబడి పక్కనే కూర్చున్నవాళ్ళు!

మార్సెల్ కారులో ఎమర్జెన్సీకి బయల్దేరాం, నలుగురమూ. తోవ పొడుగునా తగువే.

"నీ లావు స్కోప్ వల్లే" అంది డెబ్బీ.

"స్కోప్ ఏం చేసింది? నీ మూస్ తూటా తన్నింది" అన్నాడు మార్సెల్.

"రైఫిల్ కాస్త బరువుంటే తన్నేదే కాదు" అని ఇద్దరూ కలిసి రాన్ మీద పడ్డారు.

స్కోప్ వెనక్కి జరిపింది నేనేనని అప్పుడైనా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే తగువు ఆగిపోతుంది. ఊరుకున్నా.

మన ఎమర్జెన్సీ సంగతి తెలుసుగా, కుట్లు వేయించుకోవడానికి ఐదు గంటలు. అందరూ విసుక్కుంటారు. నాకు మాత్రం, నమ్మండి, ఈ ఏడాదిలో ఇంత త్వరగా గడిచిన శనివారం లేదు. టీ తాగాం, జంతికలు ఖాళీ చేశాం. రాన్ వాళ్ళావిడ పోయి మూడేళ్ళని అప్పుడే తెలిసింది. వాళ్ళింట్లో రేడియో రోజంతా మోగుతూనే ఉంటుందట, మాట వినబడాలని. జంతికల డబ్బా ఆయన వైపు జరిపా. నర్సు వచ్చి నా పేరు పిలిస్తే, పక్కన దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని కూర్చున్న ఒకాయన్ని చూపించి, "ఆయన్ని ముందు పంపండి, నాకు తొందరేం లేదు" అన్నా. ఎమర్జెన్సీలో తొందర లేదన్న పేషెంటుని ఆవిడ సర్వీసులో చూసినట్టు లేదు. తలకి గట్టిగానే తగిలిందని రాసుకుని, వెంటనే లోపలికి లాక్కెళ్ళింది!

కుట్లు వేశాక డాక్టరమ్మ ప్రశ్నలు వేసింది. ఈరోజు ఏ వారం, ఏ ఊళ్ళో ఉన్నావ్, అన్నీ చెప్పా. చివర్లో, "ఇంట్లో ఎవరున్నారు?" అంది.

ఆవిడ పెన్ను పట్టుకుని చూస్తోంది. "ఎవరూ లేరు" అన్నా. రోజూ తెలిసిన సంగతే. పైకి అనేసరికి ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నొప్పేమోనని ఆవిడ ఇంకో మాత్ర రాసింది. "తలకి దెబ్బ కాబట్టి, ఒక రోజు ఎవరైనా మీ దగ్గరుండి చూసుకోవాలి" అంది.

బయటికొచ్చా. ముగ్గురూ లేచి నిలబడ్డారు. "ఏమంది డాక్టర్?"

"ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలట" అన్నా. "వారం రోజులు."

ఏమాత్రం తడుముకోకుండా వచ్చేసింది నోట్లోంచి! ఒక్కరికి వద్దని చెప్పడం ఆరు నెలలైనా చేతకానివాణ్ణి, ముగ్గురితో అబద్ధం మాత్రం అర సెకనులో చెప్పేశా. వాళ్ళు అక్కడే రోజులు పంచుకున్నారు. ఆదివారం డెబ్బీ సూప్ తెచ్చింది, చికెన్ వేయకుండా. బుధవారం మార్సెల్ వచ్చి గుమ్మంలో లైటు మార్చి వెళ్ళాడు. మిగతా రోజులన్నీ రాన్ తనే తీసుకున్నాడు. సాయంత్రం ఐదింటికి వస్తాడు, "తల తిరుగుతోందా?" అంటాడు, "కొంచెం" అంటా, సోఫాలో కూర్చుని హాకీ పెడతాడు. హాకీ రూల్స్ నాకిప్పటికి రెండొచ్చాయి.

ఇవాళ ఐదో రోజు. పొద్దున అద్దంలో చూసుకున్నా. వాపు లేదు, నొప్పి లేదు, కుట్లు చక్కగా అతుక్కుంటున్నాయి. ఇంత వేగంగా మానిపోతోందేమిటండీ, వెధవ గాయం!